బందరు లడ్డూ వాక్యచతుష్టయము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కోలాచల మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూనినపుడు మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ చేసికొనెను. ఆ మహానుభావునికి అట్టి ప్రతిజ్ఞ చెల్లినది. కాళిదాసు తాను చెప్పదలచినదానిని చెప్పినవాడు గదా. నేను వ్యాఖ్యానింపబోవు గ్రంథమునకు కర్త మా మేనల్లుడు. వాని రచనయందు ఉన్నదానికంటె లేనిదే ముఖ్యమగుటచేతను, అక్కఱలేని మాటలనుండియే అక్కఱకు వచ్చునది బయలుపడుచుండుటచేతను, సూరిగారి ప్రతిజ్ఞను తలక్రిందులు చేసికొని ఈ టీకకు పూనుకొనుచున్నాను. దీనికి 'మోదకదీపిక' యని పేరు. మోదకమనగా సంతోషపెట్టునది యనియు, లడ్డూ యనియు రెండర్థములు గలవు. రెండును ఇచట చెల్లును.

మా చెల్లెలిని అవనిగడ్డకు ఇచ్చితిమి. దాని కుమారుడు గుడివాడలో అద్దెగది తీసికొని, యంత్రములకు ఇంగ్లీషు నేర్పెడి యొకానొక సంస్థకు గదిలో కూర్చుండియే పనిచేయుచున్నాడు. ఇంగ్లీషు వాక్యములను ఒక్కొక్కటిగా ఎదుట పెట్టుకొని, క్రియ నేఱి, ఆ క్రియచుట్టును మూగిన పదములలో చేసినదెవరు, చేయబడినదేది, దేనితో, ఎవరికై, ఎచటినుండి, ఎప్పుడు అని విచారించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చీటీ అంటించుట వాని వృత్తి. "ఏమి పనిరా అది?" అని యడిగితిని. "సిమాంటిక్ రోల్ లేబలింగ్, మామయ్యా" అనెను. ముప్పదియేండ్లు బందరులో పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణము చెప్పి విరమించినవాడను గావున నాకు చప్పున తోచినదానిని దాచుకొనలేక, "అనగా కారకములేనా?" అంటిని. "కారకాలంటే ఏంటి మామయ్యా?" అని వాడు తిరిగి యడిగెను. చిన్నయసూరి బాలవ్యాకరణమున కారక పరిచ్ఛేదమని యొక ప్రకరణమే వ్రాసిన దేశమున, కారకములు గుర్తించి జీతము పుచ్చుకొను బాలుడు ఈ ప్రశ్న యడుగుట నాకు విస్మయమును, కొంత వినోదమును కలిగించెను.

బందరువారికి ఇంగ్లీషు కొత్తది కాదని ఇచట మనవిచేయవలసియున్నది. 1611లో గ్లోబ్ అను నౌక దిగినది మొదలు ఆ భాష మా వీథులలో బేరములాడుచునే యున్నది. డచ్చివారి పేర వలందపాలెమును, ఫ్రెంచివారి పేర ఫరాసుపేటయు, ఇంగ్లీషువారి పేర ఇంగ్లీషుపాలెమును నేటికిని నిలిచియున్నవి. బ్రౌను దొర ఇచట కొంతకాలము ఉద్యోగము వెలగబెట్టెను. 1843లో నోబుల్ దొర పాఠశాల పెట్టెను. ఇచట మిషనరీగా నుండిన ఆర్డెను దొర 1873లో తెలుగునకు వ్యాకరణమును అచ్చొత్తించెను. దొరలు మన విభక్తులతో కుస్తీపట్టిన యూరిలో, వారి క్రియలతో మనవారొకరు కుస్తీపట్టుట బాకీ తీర్చుటయే యగును.

ఇక గ్రంథము పుట్టిన విధము. మొన్నటి ఆదివారము మేనల్లుడు నన్ను చూడవచ్చినపుడు, అవనిగడ్డలోని తల్లికి ఇమ్మని తొక్కుడు లడ్డూల డబ్బా నొకదానిని, అంగడివాడు పురికొసతో బిగించి ముడివేసి యిచ్చినదానిని, బస్టాండులో వాని చేత బెట్టితిని. అందు ఇరువదినాలుగు లడ్డూలుండెను, లెక్క నాది. అవనిగడ్డ చేరునప్పటికి పదిహేను మిగిలెను, లెక్క చెల్లెలిది. అది వానిని నిలదీయగా, వాడు నోట మాటాడక ఫోనున నాకు ఇంగ్లీషులో నాలుగు వాక్యములు పంపెను.

మూలము

ఆన్ సండే అంకుల్ సెంట్ మదర్ లడ్డూస్ ఫ్రమ్ బందర్ బై బస్. ది బాక్స్ ఓపెన్డ్ ఎట్ పామర్రు. సమ్ లడ్డూస్ వర్ ఈటెన్. ఐ నో నథింగ్.

పాఠాంతరవిచారము

దీనికి పూర్వము వేఱొక పాఠముండినట్లు ఆధారము గలదు. ఈ నాలుగు వాక్యములకు పైన, ఒక సందేశము తొలగింపబడినదని మాత్రము ఫోను ప్రకటించుచున్నది. తొలగించినదెవరో ఫోను చెప్పదు. యంత్రములకు ఇంగ్లీషు ఎవరు నేర్పిరో ఈ ప్రకటన యొక్కటి చాలును. లుప్తపాఠము తెలుగున నుండెనని నా యూహ. తెలుగున వ్రాసినచో తాను దొరకిపోవుదునని చూచుకొని, చెఱిపి, భాష మార్చినట్లున్నది.

ప్రథమవాక్యము: ప్రతిపదార్థము, టీక

అంకుల్ = మామనైన నేను; సెంట్ = పంపితిని; మదర్ = తల్లికి, అనగా మా చెల్లెలికి; లడ్డూస్ = లడ్డూలను; ఫ్రమ్ బందర్ = బందరునుండి; బై బస్ = బస్సుచేత; ఆన్ సండే = ఆదివారమందు. సీతాలక్ష్మణసమేతుడైన రామునివలె ఈ వాక్యము షట్కారకసమేతమై వెలసినది. ఇంత నిండైన వాక్యమును బాలుడు తెలిసి వ్రాసెనని నమ్మను. అయినను మెచ్చుకొనక తప్పదు.

'అంకుల్' అను పదముపై మొదట నొక మాట. పెదనాన్న, బాబాయి, మామయ్య, పెదనాన్నకాని పొరుగింటి పెద్దమనిషి, వీరందఱిని ఇంగ్లీషు ఒక్క పీటపై కూర్చుండబెట్టును. బంధువులపట్ల చేసిన పనినే అది కారకములపట్లను చేయును. వాక్యమునకు ముందొక పీట వేసి, వచ్చినవారినెల్ల దానిపై కూర్చుండబెట్టును. తలుపు తెఱచినవాడును, తలుపు తెఱచిన ఉలియు, తెఱచుకొన్న తలుపును, మువ్వురును ఆ పీటనెక్కవచ్చును. విభక్తిచిహ్నము లేదు, పీటను చూచి మనిషిని గుర్తింపవలయును. ఈ చిక్కును 1968లో ఫిల్మోర్ అను అమెరికా పండితుడు విస్తరించి వ్రాసి, పీట వేఱు, పాత్ర వేఱు అని అచటివారిచేత ఒప్పించెను. పెండ్లిపీటపై కూర్చుండినవారందఱును వరులు గారని మనము పుట్టుకతోనే యెఱుగుదుము.

ఇక కారకములు. పాణిని తన అష్టాధ్యాయి ప్రథమాధ్యాయమున నాలుగవ పాదమందు వీనిని వరుసగా నిర్వచించెను. వేఱగునప్పుడు కదలక నిలుచునది అపాదానము. ఓడలు పోయినను, వర్తకము పోయినను, జిల్లా కచేరీలు ఎటు తిరిగినను తాను కదలని బందరుకంటె అపాదానమునకు తగిన పట్టణము వేఱొకటి నాకు తోచదు. కర్మముచేత కర్త ఎవరిని ఉద్దేశించునో వారు సంప్రదానము; ఇచట మా చెల్లెలు. దీనిపై కొందఱు పెద్దలు, ఇచ్చినది మరల రాకుండునట్లు ఇచ్చిననే సంప్రదానమనియు, చాకలికి బట్టలు వేయుట సంప్రదానము గాదనియు సిద్ధాంతముచేసిరి. బాలుని చేతికి నేను డబ్బా నిచ్చుట అచ్చముగా చాకలికి బట్టలు వేయుట వంటిది. వాడు తీసికొనిపోవలసినవాడేగాని పుచ్చుకొనవలసినవాడు గాడు. ఈ సూక్ష్మము పామర్రులో విస్మృతమైనట్లున్నది. క్రియ సిద్ధించుటకు మిక్కిలి తోడ్పడునది కరణము, ఆధారమైనది అధికరణము, కర్త కోరువానిలో నెల్ల మిక్కిలి కోరునది కర్మము. లడ్డూను చూచినవారెవరును పాణిని యిచట 'మిక్కిలి' యన్న మాట ఏల వేసెనని యడుగరు.

చిట్టచివర కర్త, స్వతంత్రుడైనవాడు కర్త. కర్తను పాణిని అన్నిటికంటె చివర నిలుపుటకు కారణము గలదు. ఒకేదానికి రెండు సంజ్ఞలు పోటీపడినపుడు వెనుక చెప్పబడినదే నెగ్గునని ఆయన ముందే నియమముచేసెను. కావున అందఱితోడి పోటీలోను కర్త నెగ్గును. ఆ వెంటనే ఇంకొక సూత్రము: కర్తను ప్రేరేపించువానికి హేతువని పేరు, వాడును కర్తయే. ఈ రెండు సంగతులను పాఠకులు మనసున నుంచుకొందురుగాక, ముందు అక్కఱపడును.

మా మేనల్లుని సంస్థవారు ఈ పేర్లను వాడరు, అంకెలను వాడుదురు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మార్తా పామర్ మొదలగువారు, న్యూయార్కు వర్తకుల దినపత్రిక యగు వాల్ స్ట్రీట్ జర్నలునుండి గ్రహించిన పదిలక్షల మాటల రాశికి క్రియాపాత్రలను గుర్తించి ప్రాప్‌బ్యాంకు అను నిధి నొకదానిని కట్టి, 2005లో దాని విధానమును ప్రకటించిరి. అందు చేయువానికి ఆర్గ్ సున్న, చేయబడుదానికి ఆర్గ్ ఒకటి, ఆపై రెండు, మూడు, నాలుగు. కాలము, స్థలము, రీతి మున్నగు పరివారమునకు ఆర్గ్ ఎమ్. పేర్లుండగా అంకెలేల యనగా, పాత్రలెన్ని, వాని సరిహద్దు లెచట అనుదానిపై పండితులకు ఏకాభిప్రాయము కుదురలేదు. కుదురనిచోట అంకె వేయుట లౌక్యము. రెండవ అంకె మొదలు ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క అర్థము; పంపుటలో రెండు పుచ్చుకొనువాడు, తెఱచుటలో రెండు సాధనము. ప్రతి క్రియకును ఒక జాతకచక్రము వేసి యుంచిరన్నమాట.

సర్వస్వతంత్రుడైన కర్తకు సున్న వేయుట నాకు మొదట కష్టముగా తోచెను. మా కాలమున ఏమియు చేయనివానికే సున్న వేయుచుంటిమి. మేనల్లుడు మాత్రము "లెక్క సున్నా నుంచి మొదలవుతుంది మామయ్యా, అంతే" అనెను. ఆ సున్నను తెరపై చూపినపుడు అది చుట్టినట్టి తొక్కుడు లడ్డూవలెనే గుండ్రముగా నుండుట నేను గమనించితిని. వాడును గమనించి యుండును.

ఇక బై బస్. శంక: బస్సు కరణమా? సమాధానము: చూపునకు కరణమే, రీతియని ఆర్గ్ ఎమ్ వేయుదురన్నను నేను తగవుపడను. నా యాక్షేపము వేఱు. బస్సు చేతులులేనిది. డబ్బా తనంతట బస్సెక్కదు. పంపుట యనగా ఒకనిచేత తీసికొనిపోవునట్లు చేయుట. పంపువాడు ప్రయోజకుడు, తీసికొనిపోవువాడు ప్రయోజ్యకర్త. మన భాషలో వానికి చేతవర్ణకము రావలయును: మేనల్లునిచేత పంపితిని. గ్రంథకర్త చేతులుగల ప్రయోజ్యకర్తను మాయముచేసి, ఆ స్థానమున చక్రములుగల బస్సును నిలిపినాడు. షట్కారకములు నిండియుండుటచే వాక్యము పరిపూర్ణమని పాఠకుడు భ్రమించును. నిండుకుండలోనే నీరు దాచినాడు.

ద్వితీయవాక్యము

ది బాక్స్ = డబ్బా; ఓపెన్డ్ = తెఱచుకొనెను; ఎట్ పామర్రు = పామర్రునందు.

ఈ చిన్నవాక్యమున గ్రంథకర్త ప్రతిభ పరాకాష్ఠ నందినది. ఇంగ్లీషున 'ఓపెన్' అను నొక్క క్రియయే తెఱచుటకును, తెఱచుకొనుటకును చెల్లును. మనకు 'కొను' అను ధాతువు నడుమ నిలిచి కాపలా కాయును. మన పండితులు దీనిని కర్మకర్తరిప్రయోగమందురు. అన్నము తానే యుడుకుచున్నదనియు, కట్టె తానే చీలినదనియు ఉదాహరింతురు. పని మిక్కిలి సులువుగా జరిగినపుడు, చేయువాని శ్రమను లెక్కింపక, వస్తువే తనంతట చేసికొనినట్లు చెప్పుట వక్త యిష్టము. కారకములు వక్త వివక్షను బట్టి యుండునని పెద్దలమాట. ఇట్టివి మా యిండ్లలో నిత్యము వినబడును. జాడీ పగిలింది, పాలు పొంగిపోయాయి, తాళంచెవి పోయింది. పగులగొట్టినవారును, పొయ్యివద్ద నుండి లేచిపోయినవారును, పోగొట్టినవారును ఆ సమయమున ఇంటనే యుందురు.

ప్రాప్‌బ్యాంకు పద్ధతిలో డబ్బాకు ఆర్గ్ ఒకటి వేయవలయును. పీటపైనున్నను అది చేసినది గాదు, దానికి జరిగినదని ఆ చీటీ భావము. మేనల్లుడు తన వాక్యములకు తానే చీటీలంటించి మఱునాడు నాకు పంపినపుడు ఇచట ఆర్గ్ ఒకటియే వేసెను. వృత్తిధర్మమున వాడు అబద్ధమాడడని ఇందువలన తెలియుచున్నది. ఆర్గ్ సున్న గడి ఖాళీ.

శంక: తెఱచుటకు సంకల్పముగల కర్తయే యుండవలెనా? గాలియో, కుదుపో తెఱచియుండరాదా? ఈ శంక అవనిగడ్డ యున్న దివిసీమలో తేలికగా తీసివేయదగినది గాదు. 1977 నవంబరు 19న కడలి ఆ నేలపై బడి పదివేలకు మించిన ప్రాణములను గొనిపోయెను. బందరునకును 1864లో అట్టి కాళరాత్రి యొకటి గడచినది. దివిసీమలో పెద్దలు నేటికిని సంగతులను ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తరువాత అని చెప్పుదురు. సంకల్పములేకయే చేయుదానికి ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు కర్తనుండి విడదీసి, శక్తి యనియు, కారణమనియు వేఱు చీటీలు కల్పించిరి. 1991లో డౌటీ యను నాయన ఇంకను ముందుకు పోయి, కర్తృత్వమనునది గీతగీసి చెప్పదగినది గాదనియు, సంకల్పము, ఎఱుక, మార్పు కలిగించుట, కదలుట మున్నగు లక్షణములు ఎవనియందు ఎక్కువ కూడునో వాడే ఎక్కువ కర్త యనియు నిర్ణయించెను. మా చెల్లెలి అత్తగారు మాత్రము, ఆ రాత్రి పోయినవారిని గూర్చి చెప్పవలసినపుడు, "సముద్రం తీసుకుపోయింది" అనును. కర్తృస్థానమున సముద్రమును నిలిపి, అచట మాట ఆపును. ఆ వాక్యమున చీటీ మార్చుమని చెప్పుటకు నాకు నోరు రాదు.

గాలిలేని ఆ దినమున పామర్రు బస్టాండులో డబ్బామూతకు అట్టిదేమియు సంభవింపలేదు. డౌటీ లక్షణములను బస్సునందున్నవానితో సరిచూడగా, సంకల్పము, ఎఱుక, కదలిక మూడును ఒక్కనియందే కూడుచున్నవి.

ఎట్ పామర్రు అను అధికరణమును చదువరులు ఊరక దాటిపోరాదు. బందరునుండి అవనిగడ్డకు పోవు బస్సు చల్లపల్లి మీదుగా మోపిదేవి చేరును. పామర్రు త్రోవలోనిది గాదు. పామర్రు తగులవలెనన్న గుడివాడ నుండి దిగి, కూచిపూడి మీదుగా చల్లపల్లికి రావలయును. అనగా డబ్బా మొదట గుడివాడ పోయి, ఎవరి గదిలోనో రాత్రి నిద్రచేసి, మఱునాడు బయలుదేఱినదన్నమాట. కర్తను దాచినవాడు అధికరణమును దాచ మఱచెను.

తృతీయవాక్యము

సమ్ లడ్డూస్ = కొన్ని లడ్డూలు; వర్ ఈటెన్ = తినబడెను.

'సమ్' అనగా తొమ్మిది. లడ్డూ విషయమై కొంత విశేషము: శనగపిండిని పూసవలె నేతిలో వేయించి, రోట దంచి, పాకము పట్టి, మరల నేయి చేర్చి చుట్టుదురు, దంచుటనే తొక్కుట యందురు. ఈ మిఠాయిని మా యూరికి బొందిలీలు తెచ్చిరని చెప్పుకొందురు. 'తొక్కుడు' అను పదము డువర్ణాంతమగుటచే రాముడు, భీముడు అన్నట్లు మహద్వాచకమేమో యను భ్రాంతి బాల్యమున నాకుండెను. పాపము, అది తొక్కబడినది మాత్రమే. తొక్కినవాని పేరు ఆ మాటలోనే యణగిపోయినది. తినబడుటకు ముందునుండియు ఈ మిఠాయికి కర్మణిప్రయోగమే ప్రాప్తించినది.

తినుట యను క్రియకు తినువాడు సున్న, తినబడునది ఒకటి. ఇచట ఒకటి మాత్రమున్నది. "సున్నా గడి ఖాళీగా వదలొచ్చు మామయ్యా, వాక్యంలో లేకపోతే లేబుల్ వెయ్యక్కర్లేదు, రూలే అలా ఉంది" అని మేనల్లుడు వాదించెను. ప్రాప్‌బ్యాంకు విషయమున వాని వాదము సరియే. కాని బర్కిలీలో ఫిల్మోర్ 1997లో ఆరంభించిన ఫ్రేమ్‌నెట్టున లేనివానికిని ఒక గుర్తు వేయుదురు. లేకపోవుటలోను మూడు తెగలు గలవందురు. వాక్యనిర్మాణము అనుమతించుటచే లోపించినది యొకటి; ఎవరైనను ఏమైనను కావచ్చుననుటచే లోపించినది రెండవది; వినువారికి ముందే తెలిసియుండుటచే లోపించినది మూడవది. మన వ్యాఖ్యాతలు దీనినంతను అధ్యాహారమను నొక్క మాటతో తీర్చిరి. కర్మణిప్రయోగమగుటచే తన కర్త మొదటి తెగకు చెందునని మేనల్లుడు. అవనిగడ్డలో మా చెల్లెలు చీపురుకట్ట చేతబట్టి నిలిచియుండగా మూడవ తెగయే యని నేను. ఈ వివాదము ఇంకను తీరలేదు.

తినబడెను అను ప్రయోగము మన వ్యాకరణములకు సమ్మతమైనను, దివిసీమలో దానిని పలికినవాడెవడును లేడు. కర్తను దాచవలసివచ్చినపుడు మనవారు వేఱొక యుపాయము పన్నిరి. "ఎవరో తినేశారు" అందురు. బహువచనము వేయుటచే నేరము పదిమందిపై పడును. గౌరవవాచకముగా తీసికొన్నచో తిన్నవారికి మర్యాదయు దక్కును. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, దాచుటయందు ఇంగ్లీషుకంటె మనము వెనుకబడినవారము గాము. మన క్రియలు మాత్రము కొంచెము గట్టిగా పలుకును.

చతుర్థవాక్యము

ఐ = నేను; నో = ఎఱుగుదును; నథింగ్ = ఏమియు కానిదానిని. అక్షరార్థమిది, భావార్థము, నాకేమియు తెలియదని.

గ్రంథమంతట మొదటిమాఱుగా గ్రంథకర్త పీటనెక్కినాడు. కాని చూడుడు, ఇంగ్లీషు తెలియుటను సైతము ఒక పనిగా భావించి తెలిసినవానిని కర్తను చేయును. తెలుగు అతనికి కువర్ణకమిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టును. నాకు తెలియును, నాకు ఆకలి వేయుచున్నది, నాకు కోపము వచ్చినది: వచ్చునవి, వేయునవి, తెలియునవి కర్తలు, మనము వానిని అనుభవించువారము. కోపమే వచ్చును గాని మనము తెచ్చుకొనము. ఈ భేదమును హైదరాబాదులో ట్రిపుల్ ఐటీవారు గుర్తించి, అనుభవకర్త యని వేఱు చీటీ నేర్పఱచిరి.

వారి కృషిని ఇంతవఱకు చెప్పక ఆపుట నా వృద్ధాప్యదోషము. అక్షరభారతి అను బృందనామముతో, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గారలు కలిసి, భాషలను యంత్రములచేత విడమరపించుటకు పాణిని మార్గము పనికివచ్చునని 1995లో గ్రంథము ప్రకటించిరి. 1998లో ట్రిపుల్ ఐటీ వెలసిన పిమ్మట ఆ పని అచట పెరిగెను. 2009లో అశ్వినీ వైద్య, సమర్ హుసేన్, ప్రశాంత్ మన్నెం, దీప్తి మిశ్ర శర్మ అనువారు ఇంగ్లీషు వాక్యములకే కారకములంటించు పద్ధతిని ప్రకటించిరి. మా బందరు బాకీ హైదరాబాదులో తీఱినదన్నమాట. వారి చీటీలలో కర్త 'కే ఒకటి', కర్మము 'కే రెండు', కరణము మూడు, సంప్రదానము నాలుగు, అపాదానము అయిదు. అటుపై ఆఱును వదలి ఏడునకు దుమికి అధికరణము. ఆఱేల లేదనగా, షష్ఠి కారకము గాదు. అది సంబంధము మాత్రమే, క్రియతో దానికి పనిలేదు. దానికి వేఱుగా 'ఆర్ ఆఱు' అని పెట్టిరి. మామకును మేనల్లునికిని గలది ఆ ఆఱవదియే. సంబంధమున్నది, పనిచేయు మాట లేదు.

ప్రకృతమునకు వచ్చెదను. "నాకేమీ తెలియదు" అని తెలుగున వ్రాసినచో గ్రంథకర్త కువర్ణకము వెనుక దాగి, తెలియుట యను పనికి తాను బాధ్యుడు గాక బయటపడియుండును. ఇంగ్లీషును ఆశ్రయించి 'ఐ' అని పెద్దయక్షరముతో కర్తృపీఠమున తానే కూర్చుండినాడు. మూడు వాక్యములనుండి తప్పించుకొన్న కర్త నాల్గవదానిలో దొరకెను. పాణిని కర్తను చివర నిలిపెననియు, చివర వచ్చినదే నెగ్గుననియు పైని చెప్పియుంటిని.

తాత్పర్యము

ఆదివారమునాడు మామ, లోకజ్ఞానము చాలక, తన చెల్లెలికై బందరునుండి ఇరువదినాలుగు తొక్కుడు లడ్డూలను మేనల్లునిచేత పంపగా, ఆ మేనల్లుడు తిన్నగా అవనిగడ్డ బస్సెక్కక, డబ్బాతో గుడివాడ పోయి, మఱునాడు పామర్రులో బస్సు మాఱునపుడు కూర్చుండుటకు చోటును, తెఱచుటకు తీరికయు చిక్కుటచే, మూత తీసి, సంకల్పముతోడను, ఎఱుకతోడను, కుడిచేయి కరణముగా, కూచిపూడి దాటులోపల తొమ్మిదింటిని తానే తిని, తల్లి యడుగగా తనకేమియు తెలియదని యింగ్లీషున పలికెనని భావము. ఆర్గ్ సున్న: మేనల్లుడు.

ఉత్తరకథ

ఈ వ్యాఖ్యను శుభ్రముగా వ్రాసి, ఫోనున ఫొటోలు తీయించి, ఒక ప్రతి గుడివాడకును ఒక ప్రతి అవనిగడ్డకును పంపితిని. గుడివాడనుండి మూడు గంటలవఱకు ఉలుకుపలుకు లేదు. పిదప వాడు, ఏడు తిన్నమాట నిజమే గాని తొమ్మిది గాదనియు, పామర్రులో డబ్బాను తాను తెఱువనే లేదనియు, అప్పటికే కొస వదులై ముడి జారియుండుటచే బస్సు కుదుపునకు మూత దానంతటదే లేచెననియు, కావున రెండవవాక్యమును మార్చుకొననక్కఱలేదనియు తెలుగుననే వ్రాసెను. కర్మకర్తరిప్రయోగము యథార్థముగా చెల్లు సందర్భములు లోకమున కొన్ని గలవని నేను ఒప్పుకొనవలసివచ్చెను.

అవనిగడ్డనుండి చెల్లెలు మాత్రము వెంటనే ఫోను చేసెను. టీకనంతయు చదివినదో లేదో తెలియదు గాని, అవతారిక చదివినట్లు తెల్లమైనది. "అన్నయ్యా, అంగడివాడు కొసతో బిగించి ముడేసిచ్చిన డబ్బాలో ఇరవైనాలుగు ఉన్నాయని నీకెలా తెలిసింది? ముడి ఎవరు విప్పారు?" అని యడిగెను. తరువాత చెప్పెదనని ఫోను పెట్టివేసి, కొంతసేపు ఆలోచించి, ఇంగ్లీషులో ఒక్క వాక్యము వ్రాసి పంపితిని: ది లడ్డూస్ వర్ కౌంటెడ్.